పోయిందా? అందిందా?

2018 నవంబరు 21, మీలాదున్నబీ రోజు. జమ్మూకశ్మీర్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేస్తామంటూ మెహబూబా ముఫ్తీ గవర్నరుకు ఉత్తరం రాశారు. రాజ్‌భవన్‌కు ఫాక్స్ చేస్తే పోలేదు. ఆమె ఆ ఉత్తరాన్ని ట్విట్టర్‌లో పెట్టారు. ఆ రాత్రే అసెంబ్లీ రద్దయింది. ఈద్ సెలవు కదా, ఫాక్స్ దగ్గర మనిషి లేడని గవర్నర్ సత్యపాల్ మాలిక్ తర్వాత చెప్పారు. రద్దుకు ఆయన చూపిన కారణాలు వేరే ఉన్నాయి. ఆ సియాసీ బహస్‌లోకి ఇక్కడ నేను పోను.

ఆ నాలుగు రోజులూ ఫాక్స్ మిషన్ మీద ఎన్ని లతీఫాలో! ఈ జమానాలో ఫాక్సేమిటని ఒకరు, కొత్త మిషన్ కొనిద్దాం చందాలు వేసుకోండని ఒకరు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పోని ఫాక్స్ ముందు ఒక బుధవారం దాదాపు నాలుగు గంటలు కూచున్నవాణ్ణి నేను. ఆ రోజు నేర్చుకున్నది ఇంతకాలం ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

2004 నాటి మాట. అప్పటి కడప జిల్లా రాయచోటిలో ఒక పత్రికకు విలేకరిని. ఆ ఊళ్లో ఏ వీధికి పోయినా కువైట్‌తో రాబ్తా ఉన్న ఇల్లు కనబడుతుంది. ఒక మంగళవారం రాత్రి మా వీధి మనిషి ఒకాయన అక్కడ నిద్రలోనే పోయాడని కబురొచ్చింది. డ్రైవరు పని చేసేవాడు. ఇన్నా లిల్లాహ్ చదివాం. ఆయన గదిలో ఉండే మన ఊరి అబ్బాయి ఫోన్లో సంగతంతా చెప్పాడు. మయ్యత్‌ను అక్కడే దఫన్ చేయాలా, ఇంటికి పంపాలా అన్నది వారిసులు రాసివ్వాలి. భార్య దస్తఖత్ ఉండాలి. ఆ కాగితం కఫీల్ దఫ్తరుకు బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట లోపల ఫాక్స్‌లో అందాలి.

కువైట్‌లో అప్పట్లో వారం సెలవులు గురు, శుక్రవారాలు. బుధవారం ఒంటిగంట దాటిందంటే మళ్లీ శనివారమే. అంటే ఆ మనిషి ఇంకో మూడు రోజులు మార్చురీ పెట్టెలో పడుండాలి. వాళ్ల టైముకు మన టైము రెండున్నర గంటలు ముందు. మనకు గడువు మధ్యాహ్నం మూడున్నర.

రాత్రంతా ఇంట్లో గుఫ్తగూ నడిచింది. దఫన్‌లో ఆలస్యం మంచిది కాదు, అక్కడే కానిద్దాం అన్నారు కొందరు పెద్దలు. ముసలి తల్లి మాత్రం కొడుకు ముఖం ఒక్కసారి చూస్తానంది. చివరికి ఆ ఇంటి ఆపానే అడిగారు. ఇంటికే రానివ్వండి అందామె. ఆ ఒక్క మాటను కాగితం మీద పెట్టి సముద్రం దాటించాలి. అంతే మా పని.

ఉత్తరం నేనే రాశాను. ముందు ఉర్దూలో రాశాను, ఎందుకంటే ఆమె చదవగలిగింది ఉర్దూనే. ఏ మాట కింద దస్తఖత్ పెడుతోందో ఆమెకు తెలియాలి. దాని కింద అదే సంగతి ఇంగ్లీషులో రాశాను. ఆమె రెండుసార్లు చదువుకుని, చిన్న అక్షరాలతో ఉర్దూలో దస్తఖత్ పెట్టింది. అప్పటికి పదకొండయింది. ఇక ఐదు నిమిషాల పని అనుకున్నాం.

ఊళ్లో ఫాక్స్ ఉన్న ఎస్‌టీడీ బూత్ నాకు తెలిసి ఒక్కటే. దాని మిషన్ రిపేరుకు కడప పోయి వారమైంది. మా ఆఫీసులో విడిగా ఫాక్స్ మిషన్ లేదు. కంప్యూటరు, దాంట్లో మోడెం, పక్కన స్కానరు ఉన్నాయి. రోజూ వార్తలు వాటితోనే పంపేవాళ్లం. కానీ మా లైనుకు ఐఎస్‌డీ లేదు. కింద బట్టల దుకాణం సేఠ్‌కు ఉంది, ఆయన కొడుకులిద్దరూ కువైట్‌లోనే. సంగతి విని ఆయన నోరు మెదపకుండా తన ఈపీఏబీఎక్స్ డబ్బా నుంచి ఒక వైరు మా మేడకు లాగించాడు. ఉత్తరం స్కాన్ చేసి, నంబరు కొట్టి, పంపు అన్నాం.

'డయల్ టోన్ లేదు' అని తెర మీద వచ్చింది.

మళ్లీ పంపాం. మళ్లీ అదే. మా డీటీపీ కుర్రాడు తేల్చేశాడు: "సార్, మోడెం పోయినట్టుండాది. మొన్న ఉరుములకు కాలింటాది." వాడి మాట కొట్టిపారేసేది కాదు. పిడుగు పడితే టెలిఫోను తీగ వెంట వచ్చి ముందు కాలేది మోడెమే. కానీ ఆ ఉదయమే అదే మోడెంతో ఇంటర్నెట్ చూశాం. కాలిపోయింది మళ్లీ లేచి రాదు కదా.

ఇక్కడి నుంచి కొంచెం వివరంగా రాస్తాను. సబర్‌తో చదవండి, నేను చెప్పదలచుకున్నది ఈ వివరాల్లోనే ఉంది.

ఇంటర్నెట్‌కు పోయే మోడెం ఫాక్స్‌కు కూడా పోతుందని రూలేమీ లేదు. మోడెంనే అడగాలి. హైపర్‌టెర్మినల్ తెరిచి 'ఏటీ+ఎఫ్‌క్లాస్=?' అని కొడితే అదే జవాబిస్తుంది. జవాబులో 0 ఒక్కటే ఉంటే దానికి ఫాక్స్ రాదు. 1 గానీ 2 గానీ కనబడితే వచ్చు. అసలేమీ పలక్కపోతే వేరే ప్రోగ్రాం ఏదో పోర్టును పట్టుకుని కూచుందని అర్థం. మాకూ మొదట పలకలేదు. చూస్తే ఇంటర్నెట్ డయలర్ వెనకాల తెరిచే ఉంది. అది మూసేశాక 0, 1 అని జవాబొచ్చింది. మోడెం బతికే ఉంది.

మరి డయల్ టోన్ సంగతేంటి? రిసీవరెత్తి చెవి దగ్గర పెట్టుకుంటే నాకు వినిపిస్తోంది. అయితే అది ఎక్స్ఛేంజి టోను కాదు, కింది డబ్బా సొంత టోను, ఆగి ఆగి వస్తోంది. మోడెం ఎదురుచూసేది ఆగకుండా మోగే టోను కోసం. దానికి తెలిసిన చప్పుడు రాలేదు కాబట్టి లైనే లేదంటోంది. సెట్టింగుల్లో 'డయల్ టోన్ కోసం ఆగు' అన్న చోట టిక్ తీసేశాం. అది దొరకనివాళ్లు మోడెం ఆదేశాల్లో ఎక్స్3 అని చేర్చినా అదే పని జరుగుతుంది.

ఈసారి డయల్ చేసింది. అయితే రాంగ్ నంబరు. బయటి లైనుకు ముందు ఒక సున్నా కొట్టాలి, ఆ లైను దొరికేదాకా కాస్త ఆగాలి, ఆ తర్వాత 00, 965, నంబరు. మోడెం గబగబా అన్నీ ఒకేసారి కొట్టేస్తోంది. మొదటి సున్నా తర్వాత ఒక కామా పెట్టాం. మోడెం భాషలో కామా అంటే రెండు సెకన్లు ఆగమని. ఉర్దూ బడిలో మా ఉస్తాద్ ఇబారత్ చదివిస్తూ ఎక్కడ ఆగాలో చెప్పేవారు. ఆగాల్సిన చోట ఆగకపోతే మానీ మారిపోతుందనేవారు. మోడెంకూ అదే పాఠం.

పన్నెండున్నరకు కువైట్‌లో ఫోను మోగింది. ఎత్తారు కూడా. స్పీకర్లోంచి ఒక మనిషి గొంతు వినిపించింది, అరబ్బీలో 'ఎవరు, ఎవరు' అంటున్నాడు. మా మోడెం తన ధోరణిలో కుయ్, కుయ్ అంటోంది. ఆయన విసుక్కుని పెట్టేశాడు. మూడుసార్లు ఇదే. అక్కడ ఫోనుకూ ఫాక్స్‌కూ ఒకే లైను. మిషన్ తనంతట తాను ఎత్తదు, మనిషి ఎత్తి బటన్ నొక్కాలి. ఇది మా మోడెం కసూరు కాదు, మా లైను కసూరూ కాదు. గదిలోని అబ్బాయికి ఫోన్ చేసి ఆ దఫ్తరుకు పంపించాం. వాడు టాక్సీలో పోయి మిషన్ పక్కన నిలబడేసరికి మనకు రెండు దాటింది.

ఈసారి అవతలి నుంచి కీ... మని సన్నగా, పొడుగ్గా ఒక కూత వచ్చింది. ఎవరికీ చెప్పలేదు గానీ ఆ కూత విని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కాగితం సగం పోయింది, లైను తెగింది. మళ్లీ సగం, మళ్లీ తెగింది. కింద దుకాణంలో ఎవరో అదే లైను మీద ఇంకో ఫోనెత్తుతున్నారని తెలిసి సేఠ్ స్వయంగా ఆ ఫోను వైరు పీకేశాడు. అయినా లైన్లో గరగర తగ్గలేదు. చివరికి వేగం తగ్గించాం. సెకనుకు 14,400 బిట్లున్నదాన్ని 9,600కు దించాం, ఆ తర్వాత 7,200కు. పేజీని 'ఫైన్' నుంచి మామూలుకు మార్చాం. మూడూ పదికి తెర మీద ఒక చిన్న మాట పడింది, 'పంపబడింది' అని.

గదిలో అందరూ ఒకేసారి అడిగారు, "పోయిందా? పోయిందా?" తలుపు దగ్గర కూచున్న ఆపా ఒక్కతే ఇంకోలా అడిగింది. "భాయ్, ఉన్‌కో మిలా క్యా?" వాళ్లకు అందిందా?

అబ్బాయికి ఫోన్ చేశాం. కాగితం మీద అడ్డంగా రెండు గీతలు పడ్డాయట. దస్తఖత్ మాత్రం సాఫ్‌గా ఉందట. ఆ తర్వాతి మంగళవారం మా వీధిలో జనాజా లేచింది. తల్లి కొడుకు ముఖం చూసుకుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ రోజు మాకొచ్చిన అడ్డంకులు ఐదు. పోర్టు పట్టుకున్న డయలర్ ఒకటి, డబ్బా టోను ఒకటి, కామా లేని నంబరు ఒకటి, అవతల బటన్ నొక్కని మనిషి ఒకటి, గరగరమనే లైను ఒకటి. ఐదింట్లో ఒక్కటి కూడా మోడెం చెడిపోవడం కాదు. కానీ మొదటి నిమిషంలో ఇల్జామ్ పడింది మోడెం మీదే. పంపేవాడి చేతిలో ఏముంటే దాన్నే ముందు అనుమానిస్తాం. ఇది యంత్రాల దగ్గర మొదలై మనుషుల దగ్గరికి చేరే అలవాటు. అర్జీ అందలేదంటే, నువ్వు సరిగ్గా పంపలేదనడమే దఫ్తర్ల తొలి జవాబు.

ఫాక్స్ అలా అనదు. ఈ సంగతి తర్వాత కూచుని చదివి తెలుసుకున్నాను. ఫాక్స్ ఆలోచన టెలిఫోను కంటే పాతది. అలెగ్జాండర్ బెయిన్ అనే స్కాట్లండ్ గడియారాల మేస్త్రీ 1843లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. బెల్ టెలిఫోనుకు పేటెంటు వచ్చింది 1876లో. మనం వాడిన ఫాక్స్ పద్ధతి 1980లో ఖరారైన గ్రూప్ 3 ప్రమాణం. దాంట్లో రెండు మిషన్లు మాట్లాడుకునే తీరుకు టీ.30 అని పేరు. ఆ తీరు చూస్తే మన పెద్దలు నేర్పిన అదబ్ గుర్తొస్తుంది.

ముందు పంపేవాడు మూడేసి సెకన్లు ఆగుతూ కుయ్ కుయ్ అంటాడు. నేను ఫాక్సును, మనిషిని కానని ఇత్తెలా. అవతలివాడు కీ... మంటాడు. నేనూ ఫాక్సునే, చెప్పు. ఆ తర్వాత ఇద్దరూ సెకనుకు 300 బిట్ల నిదానంతో మాట్లాడుకుంటారు. అందుకునేవాడే ముందు తన తాహతు చెప్తాడు, నేను ఇంత వేగం తట్టుకోగలను, నా కాగితం వెడల్పు ఇంత అని. పంపేవాడు వెంటనే కాగితం కుమ్మరించడు. ఒకటిన్నర సెకన్లు ఉత్త సున్నాలు పంపి, ఇది సరిగ్గా వినిపించిందా అని అడుగుతాడు. వినిపించలేదంటే వేగం తగ్గించుకుంటాడు. పేజీ అయ్యాక అవతలివాడు 'అందింది' అంటేనే పంపేవాడి తెర మీద 'పంపబడింది' అని పడుతుంది.

వేగం ఉన్నవాడు నిదానస్తుడి స్థాయికి దిగుతాడు. లిహాజ్ అంటే ఇదే కదా. అందిందని చెప్పే జిమ్మేదారీ అందుకునేవాడి మీద ఉంటుంది. ఇదే నేను చెప్పదలచుకున్నది. కాగితం చేరడం పంపేవాడి ఒక్కడి పని కాదు. అటూ ఇటూ ఇద్దరూ ఒప్పుకుంటేనే ఫాక్స్ పోతుంది. అవతలివాడు ఖామోష్‌గా ఉంటే ప్రపంచంలో ఎంత మంచి మోడెమైనా ఏమీ చేయలేదు.

ఫాక్స్‌కు ఇంకో మంచి గుణముంది. దానికి భాష అక్కర్లేదు. 2004లో మా తెలుగు వార్త ఒక ఫాంటులో కొట్టి మెయిల్ చేస్తే, ఆ ఫాంటు లేని చోట పిచ్చి గీతలైపోయేది. ఉర్దూ ఇన్‌పేజ్ ఫైలు తెరవాలంటే అవతల ఇన్‌పేజే ఉండాలి. ఫాక్స్‌కు అదేమీ లేదు. దానికి ప్రతి కాగితమూ బొమ్మే, వరసకు 1,728 చుక్కలు, నలుపో తెలుపో. మారుమూల నుంచి విలేకర్లు చేత్తో రాసి పంపిన తెలుగూ పోయింది, నా నస్తాలీఖూ పోయింది. ఆపా దస్తఖత్‌లోని నుఖ్తాలు కూడా పోయాయి. టైపు రానివాడు, ఇంగ్లీషు రానివాడు తన చేతిరాతతో దఫ్తరు తలుపు కొట్టగలిగిన దారి అది. ఇప్పటి ఆన్‌లైన్ ఫారాల్లో తన పేరును తన లిపిలో రాసుకునే గడి ఎన్నింట్లో ఉంది?

ఇప్పుడు ఫాక్స్ ఎవరు వాడుతున్నారని అడుగుతారు. వాడేవాళ్లు తగ్గారు. కానీ దఫ్తర్ల లెటర్‌హెడ్‌ల మీద ఫాక్స్ నంబరు అలాగే ఉంది. ఆ నంబర్లకు ఎప్పుడైనా చేసి చూశారా? పనిలో భాగంగా నేను చేశాను. కొన్ని మోగుతూనే ఉంటాయి. కొన్నింట్లో మనిషి ఎత్తి, ఫాక్స్ ఎప్పుడో తీసేశాం అంటాడు. రాగి తీగ పోయి ఫైబర్ వచ్చిన చోట ఇంకో తకలీఫ్. ఆ ఫోను గొంతును ముక్కలుగా కట్టి ఇంటర్నెట్ మీద పంపుతుంది. మనిషి మాటను నొక్కి చిన్నది చేసే పద్ధతి పెడితే మనకు తేడా తెలియదు, ఫాక్స్ కూతలు మాత్రం చెడిపోతాయి. అక్కడ నొక్కకుండా పంపే జీ.711 పెట్టమనాలి, లేదా ఫాక్స్ కోసమే ఉన్న టీ.38 ఆన్ చేయమనాలి. బ్రాడ్‌బ్యాండ్ పాత తీగ మీదే ఉంటే ఫాక్స్‌కు ముందు ఫిల్టరు డబ్బా ఉందో లేదో చూడాలి. ఇవి అవతలి దఫ్తరులో చేయాల్సిన పనులు. అర్జీ పంపే మనిషి తన ఇంట్లో కూచుని చేసేవి కావు.

అందుకే నేను అడిగేది చిన్న విషయం. నంబరు అచ్చు వేశారంటే అక్కడ వినే మిషనో మనిషో ఉండాలి, ఈద్ రోజైనా, దసరా రోజైనా. మనిషిని పెట్టలేకపోతే నంబరు తీసేయాలి. మూసిన తలుపు మీద 'రండి' అని రాసి ఉంచడం ధోకా. ఇది ఫాక్స్‌కే కాదు, ఎవరూ తెరవని ఈమెయిల్‌కు, ఎవరూ ఎత్తని హెల్ప్‌లైనుకు కూడా చెప్తున్నాను. అర్జీ ఏ దారిలో వచ్చినా, అందిందని ఒక రసీదు ఇవ్వాలి. 1980 నాటి మిషన్ ఇచ్చే రసీదు ఈ రోజు ఇంత పెద్ద దఫ్తరు ఎందుకివ్వలేదు?

రాజ్‌భవన్‌కు పోని ఆ ఫాక్స్ అంది ఉంటే కశ్మీర్‌లో ఏమయ్యేదో నేను చెప్పలేను. ఆమె చేతిలో ఫోనుంది, ట్విట్టర్ ఉంది. ఉత్తరం అందలేదన్న సంగతైనా దేశమంతటికీ తెలిసింది. మా వీధి ఆపా చేతిలో ఒక కాగితం తప్ప ఏమీ లేదు. అవతల మిషన్ పక్కన నిలబడ్డానికి టాక్సీ ఎక్కి పోయే అబ్బాయి ఒకడు ఉన్నాడు కాబట్టి ఆమె మాట చేరింది. అలాంటి అబ్బాయి లేనివాళ్ల కాగితాలు ఎన్ని దారిలో ఆగిపోయాయో ఏ దఫ్తరులోనూ లెక్క ఉండదు. అందనివాటికి రిజిస్టరు ఉండదు కదా.

తెలుగులో 'పోయింది' అంటే వెళ్లిందని అర్థం, చచ్చిందనీ అర్థమే. పంపిన కాగితం ఏ అర్థంలో పోయిందో పంపినవాడికి తెలియదు. అందుకే ఆ రోజు నుంచి నేను పోయిందా అని అడగడం మానేశాను. ఆపా అడిగిన మాటే అడుగుతున్నాను.

ఉన్‌కో మిలా క్యా?